సింగపూరు సీసాలో ఎర్ర వేరు

పోయిన దీపావళికి మా చిన్న మామయ్య సింగపూరు నుంచి వచ్చాడు. ఎప్పుడూ తెచ్చేవే తెచ్చాడు: అరడజను కోడాలి తైలం సీసాలు, చాక్లెట్లు, అమ్మకు ఒక టార్చిలైటు. ఈసారి అమ్మమ్మ కోసం ప్రత్యేకంగా చిటికెన వేలంత సీసాలు ఒక అట్టపెట్టెడు కూడా తెచ్చాడు. లోపల ఆవాలకన్నా కాస్త పెద్దవిగా ముదురు గోధుమరంగు మాత్రలు. మూత తియ్యగానే పచ్చకర్పూరం వాసన గుప్పుమంది.

"గుండెకు చాలా మంచిదమ్మా. అక్కడ చీనావాళ్ళ ముసలివాళ్ళందరూ వేసుకుంటారు. ఇంగ్లీషు మందు కాదు, వట్టి వేరు. ఏమీ చెయ్యదు" అన్నాడు.

అమ్మమ్మకు ఆరేళ్ళ కిందట గుండెలో కవాటం మార్చారు. లోహంతో చేసిన కవాటం అది. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా ఆవిడ రోజూ సాయంత్రం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ. నెలకోసారి రక్తపరీక్ష. ఆ పరీక్షలో వచ్చే అంకెను ఐ.ఎన్.ఆర్. అంటారు. మామూలు మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది. అమ్మమ్మకు డాక్టరుగారు పెట్టిన హద్దు రెండున్నర నుంచి మూడున్నర. తగ్గితే కవాటం మీద గడ్డ, పెరిగితే ఎక్కడో ఒకచోట రక్తస్రావం. మా ఇంట్లో పాలకూర, మునగాకు ఎప్పుడుపడితే అప్పుడు వండరు. వాటిలో ఉండే కె విటమిను ఈ అంకెను కిందికి లాగుతుంది కాబట్టి, వారంలో ఎంత తింటే అంతే తినాలి, ఒక వారం గంపెడు, ఇంకో వారం సున్నా పనికిరాదు.

అలాంటి ఇంట్లోకి ఈ సీసాలు వచ్చాయి. పెట్టె మీద చీనా అక్షరాల కింద చిన్నగా ఇంగ్లీషు అక్షరాల్లో మూడు పేర్లున్నాయి. మొదటిది డాన్‌షెన్. నేను తెలుగు పార్ట్-1 గా తీసుకున్నా చదివేది వృక్షశాస్త్రం గనక ఆ మొక్క శాస్త్రీయ నామం చూసి సాల్వియా అని గుర్తుపట్టాను, అంతకుమించి ఏమీ తెలీదు. అమ్మ డాక్టరుగారికి ఫోన్ చేసి పేరు చదివింది. ఆయన రెండో ప్రశ్న వెయ్యకుండా "సీసా మూత పెట్టెయ్యండి, ఒక్కటి కూడా వెయ్యద్దు" అన్నారట. మామయ్య మొహం చిన్నబోయింది. "వేరు మందుకి ఇంత భయమా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివినదే ఈ వ్యాసం. చదివాక నాకు అర్థమైంది, తప్పు మామయ్యదీ కాదు, మందుదీ కాదు. "ఏమీ చెయ్యదు" అనే మాటది.

మన భాషలో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. హాని చెయ్యదు అని ఒకటి. పని చెయ్యదు అని ఇంకోటి. మామయ్య మొదటి అర్థంలో అన్నాడు. చీనా మందులంటే నవ్వేవాళ్ళు రెండో అర్థంలో అంటారు. ఈ ఎర్రవేరు విషయంలో రెండూ పొరపాటే.

డాన్ అంటే ఎరుపు, ఇంగిలీకం రంగు ఎరుపు. షెన్ అంటే జిన్‌సెంగ్‌లోని సెంగ్ లాంటిదే, ఔషధ గుణమున్న దుంపవేరుకు చీనాలో పెట్టుకున్న మాట. మొక్క మన తులసి, పుదీనాల కుటుంబంలోదే. పూలు ఊదారంగు, వేరు మాత్రం ఇటుక ఎరుపు. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి షెన్‌నోంగ్ ఔషధ గ్రంథంలోనే ఈ వేరు ఉంది. ఆ గ్రంథం 365 మందులను మూడు తరగతులుగా విడదీసింది. పైతరగతివి ఎన్నాళ్ళు తిన్నా హాని చెయ్యనివి, కింది తరగతివి విషం గలవి, ఎక్కువ రోజులు వాడకూడనివి. డాన్‌షెన్ పైతరగతిలో ఉంది. ఆ గ్రంథం రాసినవాళ్ళను తప్పు పట్టడానికి లేదు. వాళ్ళ కాలంలో లోహపు కవాటమూ లేదు, వార్ఫరినూ లేదు. విడిగా తింటే అది మెత్తని మందే. పక్కన ఏముందన్నదే అసలు సంగతి.

చీనా వైద్యంలో గుండె మనం పుస్తకంలో గీసే నాలుగు గదుల బొమ్మ కాదు. రక్తాన్ని నడిపేదీ అదే, మనసుకు ఇల్లూ అదే. ఈ రెండోది మనకు కొత్తేమీ కాదు. గుండె చెదిరింది, గుండె నిబ్బరం, గుండెలు తీసిన బంటు అనే భాష మనది. ఛాతీలో నొక్కినట్టుండే నొప్పిని వాళ్ళు షియోంగ్ బీ అన్నారు, ఛాతీలో దారి మూసుకుపోవడం అని స్థూలంగా అర్థం. హాన్ రాజుల చివరి కాలంలో, అంటే సుమారు 1800 ఏళ్ళ కిందట, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు దీనికి మందులు రాశాడు. తర్వాత 1830లో వాంగ్ చింగ్‌రెన్ అనే ఆయన పుస్తకం వచ్చింది. పాతవాళ్ళు శరీరం లోపలి అవయవాల గురించి రాసినవి తప్పులని ఆయన పేచీ. తట్టు లాంటివి వచ్చి చనిపోయిన పిల్లల శవాలను సరిగ్గా పూడ్చని శ్మశానానికి వెళ్ళి కళ్ళారా చూసి రాశాడు. చూసినదాంట్లో ఆయనా కొన్ని తప్పులు చేశాడు. కానీ నిలిచిపోయిన రక్తమే చాలా జబ్బులకు మూలం, దాన్ని కదిలించాలి అని ఆయన గట్టిగా పట్టుకున్న మాట ఇవాళ్టికీ చీనాలో గుండె మందులకు పునాది. ఆయన పేరు మోసిన కషాయంలో పదకొండు దినుసులు. వాటిలో అతిమధురం ఉంది, కుసుమ పువ్వు ఉంది. కుసుమ అంటే నూనెగింజల కుసుమే, షోలాపూరు వైపూ ఉత్తర కర్ణాటకలోనూ ఎకరాలకెకరాలు వేస్తారు. మనం గింజ పిండి నూనె తీస్తాం, వాళ్ళు రేకులు ఎండబెట్టి రక్తం కదలడానికి వాడతారు.

ఇక మామయ్య తెచ్చిన మాత్రల్లో డాన్‌షెన్‌తోపాటు ఉన్న రెండోది సాన్‌చి, జిన్‌సెంగ్‌కు దాయాది. మూడోది బోర్నియోల్. గుప్పుమన్న పచ్చకర్పూరం వాసన దానిదే, ఎందుకంటే అసలైన పచ్చకర్పూరం అదే పదార్థం. చీనావాళ్ళు దాన్ని డ్రాగన్ మెదడు అంటారు. ఈ మాత్ర ఒక్కొక్కటి 27 మిల్లీగ్రాములు, పూటకు పది చొప్పున మూడు పూటలు. చీనాలో ఆంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి, ఉన్నవాళ్ళకు విరివిగా ఇస్తారు. అమెరికాలో మందుగా అనుమతి కోసం మూడో దశ పరీక్షల దాకా దీన్ని తీసుకువెళ్ళారు.

ఎర్రవేరులో రెండు రకాల రసాయనాలున్నాయి. ఎరుపునిచ్చేవి టాన్‌షినోన్లు, నూనెలో కరుగుతాయి. 1930లలో జపాను శాస్త్రజ్ఞులు వీటిని విడదీశారు. రెండోరకం సాల్వియానోలిక్ ఆమ్లాలు, నీళ్ళలో కరుగుతాయి, కషాయం కాస్తే దిగేవి ఇవే. ప్రయోగశాలలో చూస్తే ఇవి రక్తనాళాలను వదులు చేస్తాయి, రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి, వాపును పెంచే సంకేతాలను తగ్గిస్తాయి.

వాపు అన్నానని మోకాలి వాపు అనుకోకండి. ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకు తెలుగులో సరిపోయే ఒక్క మాట నాకు దొరకలేదు. వాపు, మంట, ఎరుపు, వేడి, నొప్పి అన్నీ కలిస్తే అది. సంస్కృతంలో శోథ అన్నారు. చీనా అక్షరం ఇంకా బాగుంటుంది: నిప్పు అనే అక్షరాన్ని ఒకదానిమీద ఒకటి రెండుసార్లు రాస్తే ఇన్‌ఫ్లమేషన్. అయితే అది ఆధునిక వైద్యం మాట. వాళ్ళ పాత వైద్యం వేడి అనే అంది. మన ఇళ్ళలో "వేడి చేసింది" అంటాం చూడండి, నోట్లో పొక్కులొస్తే, కళ్ళు మండితే. సింగపూరులోనూ అచ్చం ఇలాగే అంటారని, అక్కడి చీనావాళ్ళు ఆ మాటను ఇంగ్లీషులో కూడా వాడతారని మామయ్యే చెప్పాడు. వేడి తీసే వేరులు వాళ్ళకు ఒక పెద్ద వర్గం.

గుండెపోటుకూ ఈ వేడికీ సంబంధం ఉందని ఆధునిక వైద్యం ఆలస్యంగా ఒప్పుకుంది. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకోవడం పైపులో పాచి పట్టడం లాంటిదని చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఆ కొవ్వు చుట్టూ తెల్లకణాలు చేరి ఆరని మంటలా పనిచేస్తుంటాయి. చాలాసార్లు ఆ మంటవల్ల పైపొర పల్చనై పగిలినప్పుడు గడ్డ కట్టి గుండెపోటు వస్తుంది. ఈ మంటను తగ్గించడానికి అమెరికా 2023లో అనుమతించిన మందు కొల్చిసిన్, రోజుకు అర మిల్లీగ్రాము. అది చీనా మందు కాదు, కానీ చెప్పకుండా ఉండలేను: కొల్చిసిన్ దొరికే మొక్కల్లో ఒకటి మన తమిళనాడు రాష్ట్రపుష్పం సెంగాందళ్. తెలుగులో అడవినాభి. ధారాపురం, దిండిగల్లు వైపు దాని గింజల కోసమే సాగుచేస్తారు. దుంప పచ్చి విషం.

సరే, చీనా మందులు పనిచేస్తాయా? "మా అత్తకు తగ్గింది" అనే సాక్ష్యం పక్కన పెట్టి, ఎలా తేల్చాలో మొదట చెప్తాను. కొన్నివేల మందిని చీట్లు వేసినట్టు రెండు గుంపులు చెయ్యాలి. అందరికీ మామూలు వైద్యం జరగాలి. ఒక గుంపుకు అదనంగా అసలు మందు, రెండో గుంపుకు రూపంలో తేడా తెలియని ఉత్తుత్తి మందు. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియకూడదు, డాక్టరుకీ తెలియకూడదు. చివర్లో లెక్క చూడాలి. చీనా వైద్యంలో ఇలాంటి పెద్ద పరీక్షలు చాలాకాలం తక్కువ. ఈమధ్య రెండు మంచివి వచ్చాయి.

మొదటిది టోంగ్‌షిన్‌లువో అనే గొట్టం మాత్రల మీద. దినుసులు చదివి నేను, మా చెల్లి ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. జిన్‌సెంగ్, ఎర్ర పియోనీ వేరు, రేగు జాతి గింజ, గంధం చెక్క, సాంబ్రాణి జాతి బంక, బోర్నియోల్, ఒక సుగంధపు చేవ. ఇంతవరకూ పూజగదిలా ఉంది. తర్వాత జలగ, తేలు, జెర్రి, బొద్దింక జాతి పురుగు, ఇలకోడి విడిచిన పెంకు! జలగ సంగతి మాత్రం తీసిపారేసేది కాదు. జలగ లాలాజలంలో రక్తాన్ని గడ్డ కట్టనివ్వని పదార్థం ఉందని 1884లోనే కనిపెట్టారు. దాని నమూనాతో చేసిన మందు బైవాలిరుడిన్‌ను ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో యాంజియోప్లాస్టీ చేసేటప్పుడు వాడతారు. సుశ్రుతుడి కాలం నుంచీ జలగలు పట్టించడం మనకూ తెలుసు.

ఈ మందును చీనాలో 124 ఆసుపత్రుల్లో, తీవ్రమైన గుండెపోటు వచ్చిన 3777 మంది మీద పరీక్షించి 2023లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నెల రోజుల్లో గుండెజబ్బుతో మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, అత్యవసరంగా మళ్ళీ రక్తనాళం తెరవాల్సి రావడం, వీటిలో ఏదో ఒకటి జరిగినవాళ్ళు ఉత్తుత్తి మందు గుంపులో నూటికి 5.2 మంది, అసలు మందు గుంపులో 3.4. ఏడాదికి చూస్తే 8.3, 5.3. వెయ్యిమందిలో నెలకు పద్ధెనిమిది మంది గట్టెక్కినట్టు. చిన్న సంగతి కాదు. కానీ ఎలా గట్టెక్కించిందో పరిశోధకులే తేల్చలేదు, అది ఇంకా చూడాలని వాళ్ళే రాశారు. పన్నెండు దినుసుల్లో ఏది పనిచేసింది, జలగా, జిన్‌సెంగా, అన్నీ కలిసా? పరీక్ష కూడా చీనాలోనే జరిగింది. ఇంకో దేశంలో, ఇంకొకరి చేతుల్లో ఇదే ఫలితం వస్తే నమ్మకం గట్టిపడుతుంది.

రెండోది గుండె బలహీనపడి రక్తం సరిగా తోడలేని వాళ్ళ కోసం చేసిన చిలిచియాంగ్‌షిన్. 3110 మంది, సుమారు ఏడాదిన్నర. గుండె క్షీణించి ఆసుపత్రిలో చేరడమో, గుండెజబ్బుతో చనిపోవడమో ఒక గుంపులో నూటికి 30, మందు గుంపులో 25. దీనిలో పదకొండు దినుసులు. డాన్‌షెన్ ఉంది, కుసుమ ఉంది, కమలా తొక్క ఉంది. పెరిప్లోకా అనే తీగ బెరడు, శుద్ధి చేసిన నాభి వేరు కూడా ఉన్నాయి. ఆ బెరడులో ఉన్న పదార్థం మన గన్నేరులో ఉండే విషానికి చుట్టం. గుండె కండరాన్ని గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, మోతాదు మించితే ఆపేస్తుంది. "ఆకే కదా, వేరే కదా" అనేవాళ్ళకు గన్నేరు గుర్తు చేస్తే చాలు. పల్లెటూళ్ళో పచ్చగన్నేరు కాయ ఎందుకు తింటారో మనలో తెలియనివాళ్ళు లేరు. నాభి కూడా అంతే. పచ్చిది గుండె లయ తప్పించి చంపుతుంది. చీనాలో గంటలతరబడి ఉడికించి వాడతారు, ఉడికితే దాని విషం విడిపోయి చాలావరకు బలం తగ్గుతుంది. మన ఆయుర్వేదంలో వత్సనాభిని గోమూత్రంలో, పాలలో శుద్ధి చేస్తారు. పాతకాలం వైద్యులెవరూ ఇవి "ఏమీ చెయ్యవు" అనుకోలేదన్నమాట. శుద్ధి, మోతాదు, అనుపానం, పథ్యం అనే మాటలన్నీ పుట్టింది ఆ భయంలోంచే. మనం పథ్యం వదిలేసి మందు మాత్రం పట్టుకున్నాం.

ఎర్ర బూజు బియ్యం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అన్నం మీద మొనాస్కస్ అనే బూజును పెంచితే అన్నం ఎర్రబడుతుంది. చీనాలో సారాకూ, మాంసానికీ రంగు కోసం వాడేవాళ్ళు. 1596లో అచ్చయిన లీ షిజెన్ ఔషధ కోశంలో అరుగుదలకూ, రక్తం కదలడానికీ మంచిదని ఉంది. 1979లో అకిరా ఎండో అనే జపాను శాస్త్రజ్ఞుడు ఆ జాతి బూజులోంచి మొనాకోలిన్-కె అనే పదార్థాన్ని తీశాడు, కొలెస్టరాల్ తయారీని ఆపేది. అదే పదార్థాన్ని వేరే బూజులోంచి ఒక అమెరికా కంపెనీ తీసి లోవాస్టాటిన్ అని పేరు పెట్టింది, 1987లో అనుమతి వచ్చింది. అంటే నాటుమందు సీసాలోదీ, ఇంగ్లీషు మందు అట్టలోదీ ఒకే అణువు! చీనాలో ఈ ఎర్ర బియ్యం సారాన్ని 4870 మంది గుండెరోగులకు నాలుగున్నరేళ్ళు ఇచ్చి చూస్తే, గుండెపోటు గానీ గుండెజబ్బుతో మరణం గానీ నూటికి 10.4 నుంచి 5.7కి తగ్గింది. 2008లో అచ్చయింది. స్టాటిన్ కాబట్టి స్టాటిన్‌లా పనిచేసింది. స్టాటిన్‌కు ఉండే కండరాల నొప్పి, కాలేయం ఇబ్బంది కూడా దానికుంటాయి. డాక్టరు ఇచ్చిన స్టాటిన్ మింగుతూ, "సహజమైనది" అని ఇది కూడా మింగితే రెండు మోతాదులు మింగినట్టే. పైగా బూజును పెంచే చోట ఇంకో బూజు చేరితే? 2024లో జపానులో అదే జరిగింది. ఎర్ర బియ్యం మాత్రలు తిన్న ఎంతోమందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తయారీలో చేరిన పెన్సిలియం జాతి బూజు వదిలిన ఆమ్లం దానికి కారణమని తేల్చారు.

మనలాంటి అమ్మాయిలు తప్పకుండా తెలుసుకోవలసినది బ్రసెల్స్ సంగతి. 1990ల మొదట్లో అక్కడ ఒక చోట ఒళ్ళు తగ్గడానికి ఆడవాళ్ళకు చీనా వేరుల మాత్రలు ఇచ్చారు. వేయాల్సిన వేరు హాన్ ఫాంగ్‌జీ, కీళ్ళవాపుకు పాతకాలం నుంచీ వాడేది. పేరు దగ్గరగా ఉన్న గువాంగ్ ఫాంగ్‌జీ దాని స్థానంలో వచ్చి పడింది. అది వేరే మొక్క, అరిస్టలోకియా. అందులో ఉండే ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుంది. వందమందికి పైగా ఆడవాళ్ళకు మూత్రపిండాలు చెడిపోయాయి. కొన్నేళ్ళ తర్వాత ముందుజాగ్రత్తగా మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే క్యాన్సరు మొదలైవుంది. ఇంత జరిగింది రెండు పేర్లు కలిసిపోవడం వల్ల. మనకూ ఆ చిక్కు ఉంది. నాభి అంటే ఒకటి, అడవినాభి అంటే వేరొకటి, రెండూ విషాలే, రెండు వేరే విషాలు. ఇంకోమాట, ఆ అరిస్టలోకియా జాతి మన చేల గట్ల మీదా ఉంది: ఈశ్వరి తీగ, గాడిదగడపాకు. నాటువైద్యంలో ఇవి రెండూ లోపలికి ఇస్తారు.

కీళ్ళవాపుకే వాడే ఉరుముల దేవుడి తీగ అని ఒకటుంది. చీనాలో దాన్ని పురుగుమందుగా కూడా వాడేవాళ్ళు. 2014లో 207 మంది కీళ్ళవాతం రోగులపై పరీక్షిస్తే, బాధ సగానికి తగ్గినవాళ్ళు మామూలుగా ఇచ్చే మెథోట్రెక్సేట్‌తో నూటికి 46, ఈ తీగతో 55, రెండూ కలిపితే 77. అంత బలమైనది. ఎక్కువ రోజులు వాడితే ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవచ్చు, మగవాళ్ళలో వీర్యకణాలు పడిపోతాయి. కాబట్టి పిల్లలు కావాలనుకునే వయసువాళ్ళకు ఇవ్వరు, ఇవ్వకూడదు.

ఇక అమ్మమ్మ దగ్గరికి వస్తాను. డాక్టరుగారు పేరు వినగానే ఎందుకు ఆపారంటే, 1990లలో హాంగ్‌కాంగ్ డాక్టర్లు ఇలాంటి కేసులే వరసగా రాశారు. వార్ఫరిన్ వేసుకుంటున్న గుండెరోగులు డాన్‌షెన్ కూడా తాగారు. మందు మోతాదు మారలేదు, ఐ.ఎన్.ఆర్. మాత్రం ఎగబాకింది, కవాటం మార్చిన ఒకాయనకు ఎనిమిది దాటింది. రొమ్ములో రక్తం నిండి ఆసుపత్రిలో చేరాడు. ఎలుకల్లో చేసిన పరీక్షల్లో తేలినది ఏమిటంటే, డాన్‌షెన్ ఉంటే వార్ఫరిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, నిలవ ఉండిపోతుంది. పైగా ఎర్రవేరు తన వంతుగా ప్లేట్‌లెట్లను కూడా ఆపుతుంది. రక్తం కదలాలని ఇచ్చే మందు, రక్తం గడ్డ కట్టకూడదని ఇచ్చే మందు, రెండూ తమ పని సక్రమంగా చేశాయి. చెడింది మనిషి ఒళ్ళు.

మామయ్యకు ఇదంతా చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒకటే: "అయితే ఇంగ్లీషు మందే గొప్పదంటావా?" దానికి నేను వార్ఫరిన్ పుట్టుక చెప్పాను. 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన తియ్యటి క్లోవర్ గడ్డి తినడం వల్ల అని తేలింది. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి విషాన్ని విడదీసింది. దాని నమూనాతో చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కింది, 1954లో మనుషులకు మందయింది. అమ్మమ్మ రోజూ సాయంత్రం వేసుకునేది కుళ్ళిన గడ్డి నుంచి వచ్చిన ఎలుకల మందే. తేడా ఒకటే: దానికి ఒక అంకె ఉంది, నెలకోసారి దాన్ని కొలుస్తారు.

మామయ్య నవ్వాడు. తర్వాత కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక నాటుమందుల కొట్టుకు కూడా వెళ్ళాను, టోంగ్‌షిన్‌లువోలో పూజగది సరుకులు ఎన్ని దొరుకుతాయో చూద్దామని. గంధం చెక్క, సాంబ్రాణి, పచ్చకర్పూరం వెంటనే ఇచ్చాడు. ఇప్పుడు అమ్మే పచ్చకర్పూరం చెట్టుది కాదు, ఫ్యాక్టరీదే. కొట్టులో ఇంకో సీసా మీద పిరంగిచెక్క అని ఉంది. దానికి ఆ పేరు పోర్చుగీసువాళ్ళ వల్ల వచ్చింది, కానీ వస్తువు చీనాదే. పదహారో శతాబ్దంలో వాళ్ళ ఓడల్లో గోవాకు దిగింది, అదే శతాబ్దంలో భావప్రకాశంలో ద్వీపాంతర వచ అని చేరిపోయింది. సవాయి రోగానికీ కీళ్ళనొప్పులకీ ఇచ్చేవాళ్ళు. చీనా వేరు మన ఇళ్ళలోకి రావడం మా మామయ్యతో మొదలవలేదు.

డాక్టరుగారు ఆరోజు ఫోన్‌లో ఇంకోటి చెప్పారు. అమ్మమ్మ ఒంట్లోకి వెళ్ళేవన్నీ, ఒంటికి రాసుకునేవి కూడా, ఒక చీటీ మీద రాసి వచ్చేసారి తెమ్మన్నారు. అమ్మ చెప్తుంటే నేను రాశాను. వార్ఫరిన్. బీపీ మాత్ర. ఆదివారం త్రిఫలచూర్ణం. జలుబు చేస్తే మిరియాల కషాయం. ఎదురింటి వాళ్ళిచ్చిన అశ్వగంధ పొడి, ఇది మాకెవరికీ తెలీదు, అడిగితే బయటపడింది. మొత్తం పద్నాలుగు వచ్చాయి. డాక్టరుగారు అశ్వగంధ కొట్టేశారు, మిగతావాటిలో రెండింటి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. చీటీ చివర అమ్మమ్మ తనే అడిగి రాయించుకున్నది ఉంది: కోడాలి తైలం, మోకాలికి, రోజూ రాత్రి. దాని చుట్టూ ఆయన సున్నా చుట్టారు. మిథైల్ సాలిసిలేట్ ఉన్న నొప్పి తైలాలు చర్మంలోంచి దిగి, ఎక్కువగా రుద్దితే వార్ఫరిన్‌ను పెంచుతాయట. అరడజను సీసాలూ ఇప్పుడు మా చెల్లి దగ్గర ఉన్నాయి.